రాతి మీద సిగరెట్

"దాన్ని చెరిపెయ్," అన్నాడు వుకాదిన్.

శ్మశానం గేటు దాటి అతను లోపలికి అడుగు పెట్టలేదు. బతికుండగా తన సమాధిరాయి దగ్గరికి పోతే ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పేది. గేటు దగ్గర నిలబడే వేలు చూపించాడు. మూడో వరసలో కొత్తగా నిలబెట్టిన నల్ల గ్రానైటు రాయి. దాని మీద తెల్లటి గీతల్లో అతనూ, భార్య స్తమేనా. పుట్టిన సంవత్సరాలు పూర్తిగా ఉన్నాయి. పోయే సంవత్సరం దగ్గర '20' అని చెక్కి, పక్కన రెండంకెలకు చోటు వదిలారు. ఆ ఊళ్లో అరవై దాటిన వాళ్ల రాళ్లు చాలావరకు అలాగే ఎదురుచూస్తుంటాయి.

అతని బాధ అంకెల గురించి కాదు. బొమ్మలో తన వేళ్ల మధ్య సిగరెట్ ఉంది.

"గ్రానైటురా. చెరగదు," అన్నాడు రాళ్లు చెక్కే తిహోమిర్, చెవి మీది సుద్దముక్క సర్దుకుంటూ.

"నేనిచ్చిన ఫొటోలో సిగరెట్ లేదు కదరా."

"చెయ్యి గెడ్డం దగ్గరుంది. రెండు వేళ్ల మధ్య సందుంది. యాభై ఏళ్లుగా ఆ సందులో ఏముంటుందో ఊరంతటికీ తెలుసు."

"నేను మానేశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

తిహోమిర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. స్తమేన నవ్వలేదు. నాలుగు రోజుల కిందట ఆసుపత్రిలో ఆమె కూడా ఉంది. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి, "ఇప్పుడు మానకపోతే వచ్చే ఏడు ప్లమ్ పళ్ల సారా, రకియా కాచేటప్పుడు ఈయన ఉండడు," అని చెప్పింది.

"ఏడాది తాగకుండా ఉండు. కొత్త రాయి చెక్కిస్తా," అన్నాడు తిహోమిర్. "ఉండలేవు గానీ."

"ఉండలేడులే," అంది స్తమేన. "ఈ మనిషి సంగతి రాయికే బాగా తెలుసు."

వుకాదిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏడాది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాఫీ పక్కన కొత్త సిగరెట్ పెట్టె, లైటరు ఉన్నాయి.

"ఇదేంటే?"

"నీకే. ఎలాగూ తాగుతావు. కొట్టం వెనక దొంగచాటుగా దేనికి, దర్జాగా కూర్చుని తాగు."

"ఊళ్లో పెళ్లాలు మొగుళ్లకి దొరక్కుండా దాచిపెడతారు."

"వాళ్ల మొగుళ్లు రాయి మీద సిగరెట్ పట్టుకుని లేరు కదయ్యా."

అతను పెట్టె ముట్టుకోలేదు. తియ్యమని కూడా అడగలేదు. అడిగితే ఓడినట్టే. అది బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆదివారాలు అతనే దాని మీది దుమ్ము దులిపేవాడు.

మూడో వారం నరకమైంది. కోళ్ల మీద అరిచాడు. సాయంత్రం ఊళ్లోని కఫానా సారాకొట్లో ఎవరో వెలిగించిన పొగ ముక్కుకు తగలగానే లేచి, పక్కవాడి పెట్టెలోంచి ఒకటి లాగి పెదాల మధ్య పెట్టుకున్నాడు. నిప్పు అడగబోతుంటే రాతి మీది తన మొహం గుర్తొచ్చింది. అలాగే బయటికి నడిచాడు. శ్మశానం గేటు దగ్గర ఆగాడు.

మూడో వరసలో రాతి వుకాదిన్ నింపాదిగా తాగుతున్నాడు.

"నువ్వే తాగరా. నీకు ఊపిరితిత్తులు లేవు," అని అరిచాడు వుకాదిన్. నోట్లోది తీసి నలిపి పారేశాడు.

అప్పట్నుంచి ప్రాణం లాగినప్పుడల్లా గేటు దగ్గరికి వెళ్లడం, రాతిమనిషిని నాలుగు తిట్టి రావడం అలవాటైంది. ప్లమ్ పండు తిన్నాక గింజ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ నడిచేవాడు.

స్తమేనకూ శ్మశానం పని పెరిగింది. రాయి ముందు నాటిన పూలకు నీళ్లు పోయాలట. ఒకరోజు తెల్లవారుజామున ఆమె క్యాను పట్టుకుని బయల్దేరుతుంటే అతను కిటికీలోంచి చూశాడు.

"రాత్రంతా వాన కురిసింది కదే. మళ్లీ నీళ్లెందుకు?"

"వాన ఆకులు తడుపుతుంది. వేళ్లు నేను తడుపుతాను."

"నీ తిక్క నీది."

"నీదో? గేటు దగ్గర నిలబడి రాయితో పోట్లాడే మనిషికి నా తిక్క కనపడిందా?"

చలికాలం మంచు కురిస్తే చీపురు పట్టుకుని వెళ్లేది. తిరిగొచ్చి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, పిండి కలపడానికి కూర్చునేది. "ఇంకా వెలిగించలేదా?" అని పెట్టె వైపు చూసి అడిగేది. అతను పళ్లు కొరికేవాడు.

దగ్గు ముందు పగలు పోయింది, తర్వాత రాత్రి కూడా పోయింది. ప్లమ్ తోట గుట్టను ఆగకుండా ఎక్కాడు. మళ్లీ రకియా కాచే రోజులొచ్చాయి. రాగి కాగు కింద నిప్పు అతనే రాజేశాడు.

ఏడాది నిండిన రోజు తెల్లారగట్ల పెద్ద వాన కురిసి వెలిసింది. వుకాదిన్ తిహోమిర్‌ను పక్క మీంచి లేపి శ్మశానం గేటుకు లాక్కెళ్లాడు.

"చూడు ఆ బొమ్మను. ఇప్పుడు చెప్పు, ఎవడు..." అని ఆగిపోయాడు.

రాతి మీది చెయ్యి గెడ్డం దగ్గర అలాగే ఉంది. వేళ్ల మధ్య ఏమీ లేదు.

"గ్రానైటు చెరగదన్నావు."

"మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు," అన్నాడు తిహోమిర్, నవ్వు అణుచుకుంటూ. "రాయి కన్నా కూడానని ఇవాళే తెలిసింది."

"నువ్వే వచ్చి అరగదీశావు. ఓడిపోయానని చెప్పడానికి సిగ్గు నీకు."

"అలాగే అనుకో. కొత్త రాయి ఎప్పుడు కావాలి?"

"వద్దు, ఇదే ఉండనీ. ఆ రెండంకెలు చెక్కాలని మాత్రం ఉలి నూరుకోకు. అవి చెక్కేవాడు ఇంకా పుట్టలేదు."

ఇంటికొచ్చి, ఏడాదిగా బల్ల మీదున్న పెట్టెను తీసి పొయ్యిలోకి విసిరాడు. స్తమేన పక్కన కూర్చుని పిండి కలుపుతోంది.

"గెలిచాను. నువ్వూ, నీ రాయీ ఓడిపోయారు," అన్నాడు.

"సరేలే. కాఫీ తాగు."

"పూలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లలేదేం ఇవాళ?"

"వాన కురిసింది కదయ్యా, ఇంకెందుకు?"

అతను కప్పు తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు.

స్తమేన ఏప్రన్ జేబులోంచి అరిగిపోయిన సుద్దముక్క తీసి పొయ్యిలో పడేసింది.