చిందీ మూట

"ఈ మూట ఎవరిది?"

చెత్తబండి అతను గల్లీ అంతా వినేలా అడిగాడు.

భాగీరథి మెట్ల మీదే ఆగిపోయింది. మూట ఆమెదే.

అత్త వెంకటవ్వకు షుగరు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది. వాడిన సూదుల్ని ఊరికే పారేసే మనిషి కాదు భాగీరథి. ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరించే పని ఆమెది. మిగిలిన గుడ్డపీలికల్ని సూరత్‌లో చిందీ అంటారు. ఆ చిందీలో సూదుల్ని మెత్తగా చుట్టి, మూట కట్టి మరీ చెత్తలో వేసేది. ఇంత జాగ్రత్త తాముండే డిండోలి పేట మొత్తంలో ఇంకెవరికుందని లోలోపల కాస్త గర్వం కూడా.

"మాదే. ఏమైంది?"

"సూదులు చిందీల కట్టకు చెల్లె. డబ్బాల ఎయ్యి."

బండిలోంచి మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీశాడు. మగ్గాల నూనె డబ్బా. శుభ్రంగా కడిగి ఉంది.

"వాడంగనే సూది ఇందుల ఏసుడు, మూత బిగించుడు. ముప్పావు నిండినంక నాకియ్యి. దవాఖానల అప్పజెప్పి వస్త."

అరటిపండు ఒలిచి పెట్టినట్టే చెప్పాడు. కాకపోతే పదిమందిలో చెప్పాడు.

ఎదురింటి పద్మారాణి అప్పటికే తలుపు దగ్గరికి వచ్చింది.

"సూదులా? ఎవరికేం రోగమో ఏమో."

భాగీరథికి తల కొట్టేసినట్టయింది. చెత్త ఎత్తేవాడు తనకు నేర్పాలా?

"నీ పని నువ్వు చేస్కో. ఎవరికీ గుచ్చకుండనే కట్టిన."

"నాకెరుకే చెల్లె. గందుకే చెప్తున్న."

డబ్బా గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. పేరు పరుశురాం అనీ, కొత్తగా పనిలోకి వచ్చాడనీ తర్వాత తెలిసింది.

ఆమె డబ్బాను ముట్టలేదు. పంతం. మూటలు కట్టడమూ మానలేదు.

వారం తర్వాత పద్మారాణితో కలిసి కూరగాయలకు పోతూ చూసింది. గల్లీ చివర పరుశురాం గొంతుక్కూర్చుని ఆమె మూటే విప్పుతున్నాడు. ఒక్కో సూదినీ పట్టకారుతో తీసి వేరే డబ్బాలో వేస్తున్నాడు.

"అమ్ముకుంటడేమో," అంది పద్మారాణి. "కడిగి, మళ్ల కొత్తయని అమ్ముతరట."

అందులో నిజమెంతో ఇద్దరికీ తెలియదు. అయినా మాట సాయంత్రానికి బిల్డింగ్ యజమాని సేఠ్ చెవిన పడింది. ఆ చాడీ మోసింది భాగీరథే.

మర్నాడే సేఠ్ అతన్ని పనిలోకి రావద్దన్నాడు.

పరుశురాం పోయే ముందు ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

"కోపం నా మీదనే ఉంచుకో చెల్లె. సూదులు మాత్రం డబ్బాల ఎయ్యి."

ఆమె అతని మొహాన్నే తలుపు వేసింది.

తర్వాత వచ్చిన బండివాడు ఒకరోజు వస్తే రెండు రోజులు రాడు. చెత్తసంచులు మెట్ల కిందే పడి ఉండేవి. ఒక పొద్దున భాగీరథి తన సంచి పెట్టి వెనక్కి తిరిగేసరికి, చిందీ ఏరుకునే గంగవ్వ వచ్చి అందులో చెయ్యి పెట్టింది. సంచిలో ఇన్ని ఉండగా ముందు మూటనే పట్టుకుంది.

"అవ్వా, అది ముట్టకు. అండ్ల సూదులున్నయి."

గంగవ్వ చటుక్కున చెయ్యి తీసింది.

"మళ్ల చిందీలనే సూదులా బిడ్డా? మేం ముందుగాల ఏరుకునేదే చిందీ."

భాగీరథి మెట్టు మీద కూలబడింది. ఎవరికీ గుచ్చుకోవద్దని చుట్టిన గుడ్డ కోసమే ఏరుకునేవాళ్ల చేతులు ముందు దాని మీద పడుతున్నాయి.

"పరుశురాం ఉన్నన్ని దినాలు భయం లేకుండె," అంది గంగవ్వ. "మా చెయ్యి పడకముందే సూదులు తీసేటోడు."

"ఏడున్నడవ్వా? నేనే సేఠ్‌కు చెప్పి మళ్ల పనిల పెట్టిస్త. కాళ్లు మొక్కుమన్నా మొక్కుత."

"ఊరికి పోయిండు. ఇగ రానన్నడు. అయినా ఆయినది చెత్తపని గాదు బిడ్డా. ఉధ్నా దిక్కు మగ్గాలు నడిపేటోడు. అది ఇడిసిపెట్టి, ఈ గల్లీ బండే కావాలని అడిగి పట్టుకున్నడు."

"ఈ గల్లీదే ఎందుకు?"

గంగవ్వ భుజం మీది సంచి కిందికి దించింది.

"నాతోని జమున అని ఒకామె ఏరేది. నిరుడు గిసొంటి మూటనే ఇప్పంగ సూది దిగింది. చెయ్యి వాచి, చీము పట్టి, నెల తిరక్కముందే పోయింది."

భాగీరథి సంచిలోంచి మూటను తీసి తన దగ్గరికి లాక్కుంది.

"ఆమె పెనిమిటే బిడ్డా పరుశురాం, ఆ చిందీ పట్టుకొని ఇల్లు ఎతుక్కుంట కొట్లాడుదామనే ఈ గల్లీకి వచ్చిండు గని, నువ్వు మెత్తగ చుట్టిన తీరు చూసి, ఎవరికీ గుచ్చొద్దనే కట్టిందని తెలిసి, కొట్లాట ఇడిసి బండి పట్టుకున్నడు."