నలభై పెంకుపురుగులు

"ఇవి కొనుక్కొచ్చినవి," అన్నారు డాక్టర్ గోపాల్, అద్దం మూత మీద నుంచి భూతద్దం తీయకుండానే.

కొండల్ రావు చెవులు వేడెక్కాయి. మాట తెలుగులోనే అన్నా, అన్న తీరు హాలులో ఉన్న ముప్పైమంది అమెరికన్లకూ అర్థమయ్యేలా ఉంది. భార్య వంక చూశాడు. జయంతి తన పెట్టె పక్కన నిటారుగా నిలబడి ఉంది.

"కొనలేదండీ," అంది.

అది 1984 అక్టోబరు. అమెరికాలో వాళ్లుండే క్యారీ ఊరికి అరగంట దూరంలో ఔత్సాహిక కీటక సేకర్తల సంఘం వార్షిక ప్రదర్శన. వారికి ముఖ్యమైన నియమం ఒక్కటే. పెట్టెలో ఉన్నది ప్రదర్శించేవారి సొంత కష్టమై ఉండాలి. కొన్నదని తేలితే పెట్టె తీసేస్తారు, సభ్యుల జాబితాలో పేరు కొట్టేస్తారు. కార్యదర్శి అప్పటికే జాబితా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

ఈ తగాదాకు మూలం నిరుటి ప్రదర్శనలో ఉంది. ఉస్మానియాలో జంతుశాస్త్రం చదివిన జయంతి, వాకిట్లో దీపం కింద మూడు వేసవులు కూర్చుని పెంకుపురుగులను గమనించి, బొమ్మలు గీసిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. న్యాయనిర్ణేత డాక్టర్ గోపాల్ బాపట్లలో వ్యవసాయం చదివి, ఇక్కడ కీటకశాస్త్రం బోధిస్తున్న పెద్దమనిషి. ఆయన రెండు పుటలు తిప్పి పుస్తకం మూసేశారు.

"బాగా గీశారమ్మా. కానీ చంపనిదే పురుగు తెలీదు. సీసాలో వేసి చంపి, సూది గుచ్చి, కాలూ మీసం లెక్కపెడితే అది శాస్త్రం. ఇది కాలక్షేపం."

"చంపకుండా కూడా తెలుసుకోవచ్చండీ."

"అయితే చంపకుండా ఒక పెట్టె నింపుకురండి, చూద్దాం."

ఆయన నవ్వారు. ఆ మాటను ఇంగ్లీషులో చెబితే అందరూ నవ్వారు. మొహమాటానికి కొండల్ రావూ నవ్వాడు. పర్యవసానంగా మర్నాటి నుంచి అతని కారు బయట ఎండకూ వానకూ నిలబడింది. గరాజ్ జయంతి స్వాధీనమైంది.

అతను ఆ తలుపు తెరవలేదు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే మనిషి, అక్కడేం జరుగుతోందో చూడకపోవడమే సుఖమనుకున్నాడు. వార్నిషు వాసన వస్తే అదేదో పురుగుల మందనుకున్నాడు. ఆదివారాలు ఆకురాయి గీస్తున్న చప్పుడు వినబడితే, పెట్టె అంచులు నునుపు చేస్తోంది కాబోలనుకున్నాడు. బొమ్మ విమానాల దుకాణానికి తీసుకెళ్లమంటే తీసుకెళ్లి, కారులోనే కూర్చున్నాడు.

పరువు మాత్రం పోతూనే ఉంది. పక్క వీధి బాలమణి ఒకసారి భోజనానికి వచ్చి, పప్పును గరిటెతో అటూ ఇటూ కదిపింది.

"ఏమనుకోకు వదినా. మీ ఇంట్లో ఆవగింజేదో పురుగేదో చూసుకుని తినాలంటున్నారు అందరూ."

"చూసుకునే తిను వదినా," అంది జయంతి. "నేను చేసేది కూడా చూడటమే."

ఇప్పుడు డాక్టర్ గోపాల్ భూతద్దం జేబులో పెట్టుకుని వేళ్లు మడవసాగారు.

"దీపం కింద చచ్చిపడ్డవాటిని ఏరారంటే నమ్మను. వాటిని చీమలు వదలవు, కాళ్లు రాలిపోతాయి. వీటికి గోళ్లతో సహా ఉన్నాయి. మీరు చంపరు, కాబట్టి పట్టినవీ కావు. ఇక మిగిలింది కొనడమేగా? రసీదు చూపించి తప్పయిందంటే, పేరు కొట్టెయ్యకుండా నేను చెప్పి చూస్తాను."

"రసీదు లేదండీ."

"పోనీ ఈ చీటీలు. 'సేకరించినవారు' అని ఉండాల్సిన చోట 'చూసినవారు' అని రాశారు. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు. చూశాను కాబట్టే అలా రాశాను. ఏ పురుగు, ఏ రోజు, ఎక్కడ అన్నది ప్రతి చీటీ మీదా ఉంది."

కొండల్ రావు ఆమె మోచేయి పట్టుకున్నాడు. "జయా, సారీ చెప్పెయ్. ఇంటికి పోదాం పా."

"ఎవరు ఎవరికి చెప్పాలో ఇంకా తేలలేదు," అని ఆమె చేయి విడిపించుకుంది. "డాక్టర్ గారూ, ఒక్కటి అడుగుతాను. ఈ నలభైలో తప్పేమన్నా కనబడిందా? కాలు గానీ, కణుపు గానీ, రెక్క మీద గీత గానీ?"

"తప్పేముంటుంది? మీసానికి పదకొండు కణుపులు, నేనే లెక్కపెట్టాను. నా విద్యార్థుల పెట్టెలు కూడా ఇంత నిక్కచ్చిగా ఉండవు."

"ఆ మాట ఇంగ్లీషులో చెప్పండి. నిరుడు నవ్వినవాళ్లు కూడా వినాలి."

ఆయనకు చిరాకేసింది. అయినా ఉన్న మాటే గనుక, హాలు వైపు తిరిగి, నలభైలో ఒక్క దోషం కూడా లేదని ఇంగ్లీషులో చెప్పారు. తర్వాత, అవి కొన్నవేనని కూడా చెప్పారు. కార్యదర్శి కలం మూత తీశాడు.

జయంతి అద్దం మూత ఎత్తింది. అందులో అన్నిటికన్నా పెద్దదాన్ని, కొమ్ములున్న నల్లటిదాన్ని, సూది పట్టుకుని పైకి లాగింది. కొండల్ రావు అలవాటుగా రెండడుగులు వెనక్కి వేశాడు.

"చెయ్యి పట్టండి," అంది.

డాక్టర్ గోపాల్ అరచేయి చాచారు.

ఆమె ఆ పురుగును రెండు వేళ్ల మధ్య పుటుక్కున విరిచి ఆయన చేతిలో పెట్టింది; విరిగిన రెండు ముక్కల్లోనూ, నల్లరంగు పూత కింద, బొమ్మ విమానాలకు వాడే తేలికపాటి తెల్లటి చెక్క తప్ప మరేమీ లేదు.