పిల్లగుర్రం మెడలో గంట

ఆ రాత్రి నరిన్ కొండల కింద ఊళ్లో బురుల్కాన్ కుక్కను ఇంట్లోకి లాగి తలుపు గడియ వేసింది. మధ్యాహ్నం ఊరి క్లబ్బు హాల్లో యూనిఫాం వేసుకున్న ఒకాయన గుర్రాల దొంగలున్నారని ఆడవాళ్లను హెచ్చరించి, ఫోన్ నంబర్లు రాసుకున్నాడు. ఇప్పుడు ఫోన్ చేసింది అతనే.

"మావాళ్లు మీ కొట్టం దగ్గరే కాపు కాస్తున్నారక్కా. కుక్క మొరిగితే దొంగ మాకు చిక్కకుండా పారిపోతాడు, దాని మూతి మూసి పట్టుకోండి."

"అమ్మా, నీకు పిల్లి తుమ్మినా దొంగే!" దుప్పటిలోంచి నవ్వింది కూతురు ఐజిరెక్.

"నవ్వవే నవ్వు. ఆ గుర్రం పాలు అమ్ముకోకపోతే మన పొయ్యి ఆరినట్టే."

"లైటు కూడా ఆర్పండక్కా," అన్నాడతను.

ఆర్పింది.

"మంచిది."

ఆర్పానని ఆమె ఇంకా చెప్పనేలేదు.

అప్పుడు ఫోన్లో గంట బొంగురుగా మోగింది. కిటికీ అవతలా అదే గంట. పిల్లగుర్రం మెడలో తాను కట్టిన పగుళ్ల గంట. పిల్లను ఎవరు నడిపిస్తే వాళ్ల వెనకే తల్లి గుర్రం సకిలించకుండా వెళ్లిపోతుంది. పాలు పితికే వాళ్లెవరికైనా ఆ సంగతి తెలుసు.

గంట కొండవైపు కదిలింది. వెనకే గిట్టల చప్పుడు, నింపాదిగా.

"ఇంకాసేపు అలాగే కూర్చోండక్కా."

కుక్క గింజుకుంటోంది. బురుల్కాన్ చెయ్యి ఇంకా దాని మూతిని గట్టిగా మూసే ఉంది.