కూత వినబడేదాకా

ఆనకట్ట గేట్లు మూయగానే ఏరు తగ్గి, చేపలు మడుగులో చిక్కుకున్నాయి. ఏటి నడిమి బండ మీద బావురుపిల్లి కూనను పక్కన పెట్టుకుని వాటిని పడుతోంది.

పీత ఒకటి పిల్లలను పొట్టకు అదుముకుని ఒడ్డుకు పరుగెడుతోంది.

"అక్కా, రాళ్ళు అదురుతున్నాయి. నీళ్ళొస్తున్నాయి, పద!"

"సైరన్ కూత పెట్టకుండా గేట్లెప్పుడైనా ఎత్తారా? నీ నడకా వంకరే, నీ మాటా వంకరే!"

"అమ్మా, నా కాళ్ళు తడుస్తున్నాయి," అంది కూన.

"కూత వినబడితే చెప్పు. ఇంకొక్క చేప పట్టుకుని పోదాం."

మడుగు నిండి చేపలు ఈదిపోయాయి. తల్లీకూనలు దాటి వచ్చిన రాళ్ళన్నీ మునిగాయి. చుట్టూ నురగనీళ్ళు సుడి తిరిగాయి.

అప్పుడు కూత మోగింది.

"అమ్మా, వినబడింది," అంది కూన. "ఇక పోదామా?"