హాఫ్లిదీ

"పాస్టర్ గారు అడిగితే హాఫ్లిదీ అని చెప్పు. పోయినవాడు కలలోకొచ్చి తన పేరు పెట్టమంటే కాదనకూడదమ్మాయ్," అంది రగ్నా, చర్చి గుమ్మంలో కోడలికి అడ్డంగా నిలబడి.

సోల్రున్ చేతుల్లోని బిడ్డను బిగించి పట్టుకుంది. హాఫ్లిదీ అంటే సముద్రం మీద తిరిగేవాడు. ఆ పేరున్న భర్త తాతనీ, తర్వాత అదే పేరు పెట్టుకున్న అత్త పెద్దకొడుకునీ సముద్రమే తీసుకుపోయింది. ఆ ఐస్‌లాండ్ రేవులో ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోవడం లేదు.

"బిర్కిర్ అందామనుకున్నా అత్తయ్యా. చెట్టు పేరు. నేల మీదే ఉంటాడు."

"మావాడు వచ్చి అడిగాడంటుంటే చెట్టూ పుట్టా అంటావేంటే?"

"కలలో ఎలా ఉన్నాడు? మీరల్లిన స్వెట్టరే వేసుకున్నాడా?"

రగ్నా గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"రాలేదే," అంది. "రోజూ ఎదురుచూస్తూనే పడుకుంటాను. ఒక్కసారీ రాలేదు. ఆ పేరు పెట్టి ఎవర్నో ఒకర్ని అన్నానికి పిలవాలని ఉందే తల్లీ."

లోపల పాస్టర్ గారు నీళ్ళగిన్నెలో చెయ్యి ముంచి అడిగారు. "బిడ్డ పేరేంటమ్మా?"

కలనైతే కాదనగలిగేది సోల్రున్.

"హాఫ్లిదీ," అంది, బయట సముద్రానికి వినబడకూడదన్నట్టు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా," అన్నారాయన.