చెప్పుల దొంగ

"ఆ కుక్క ఎవరిదో ఇవాళ తేలాల్సిందే!" కార్యదర్శి బల్ల మీద అరచేత్తో చరిచాడు.

గుండీల మామ్మ ఉలిక్కిపడింది. టైలరు షాపులో గుండీలు కుట్టే చేతుల్ని ఒళ్ళో దాచుకుని, మీటింగు హాల్లో చివరి కుర్చీలో ముడుచుకు కూర్చుంది. వీధి వీధంతా ఆమె వైపే చూస్తోంది.

కార్యదర్శి ఈ వీధికి కొత్త. వానలకు ముందే అపార్ట్‌మెంటులో దిగాడు. గట్టిగా మాట్లాడే మనిషి. అందుకే వచ్చీ రాగానే వీధి సంఘాన్ని అతని చేతిలో పెట్టారు. హాలు నేలకు పాలిష్ పట్టించి, ఎంతటివాళ్ళయినా చెప్పులు బయటే విడవాలని రూలు పెట్టిందీ అతనే.

"మా పిల్ల చేతికి కుట్లు పడ్డాయి," అంది పక్కింటి కోడలు. "చెప్పు ఎత్తుకుపోతోందని లాక్కోబోయింది, అంతే. ఇప్పటికీ నిద్రలో కేకలు పెడుతోంది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలా, వద్దా?"

మామ్మ తల దించుకుంది. రక్తం కారుతున్న ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది తనే. జవాబు చెప్పాల్సిందే. ఎవరు?

ఆ కుక్క వానల్లో వచ్చింది. ఎంత దూరం నడిచిందో ఏమో, అరికాళ్ళు పుండ్లు పడి ఉన్నాయి. మెడ చుట్టూ పట్టీ వేసిన గుర్తు. ఎవరో పెంచి, వదిలేసి పోయారు. వచ్చింది మొదలు దానికి ఒకటే పని. ఏదో ఒక ఇంటి ముందు చెప్పు ఎత్తుకుపోవడం, వీధి చివర కూర్చుని వాసన చూడటం, అక్కడే పడేసి పోవడం. మర్నాడు ఇంకో ఇల్లు.

కారు చప్పుడైతే చాలు, చెవులు నిక్కించి లేచేది. మామ్మకు ఆ లేవడం తెలుసు. వెళ్ళిపోయిన మనిషి కోసం, సైకిలు బెల్లు వినబడ్డప్పుడల్లా తనూ ఏళ్ళ తరబడి అలాగే లేచింది. అందుకే ఓ బ్రెడ్డు ముక్క పడేసింది. అదే కొంప ముంచింది.

"తిండి పెట్టినవాళ్ళే ఓనరు!" అన్నాడు కార్యదర్శి, మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి. "సరదాకి పెంచడం, వీధి మీదికి వదిలెయ్యడం! ఇలాంటివాళ్ళని ఊరికే వదలకూడదు సార్. నా కారు కనిపిస్తే చాలు, వెంటపడి తరుముతుంది. అద్దం దించాలంటే భయం. వీధిలో కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో!"

"మీ కాళ్ళకేం సార్, అరుగూ లేదు తరుగూ లేదు. కిందికి లిఫ్టు, బయటికి కారు," అన్నాడు ఎలక్ట్రీషియన్. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. అతని వ్యాను బయట సిద్ధంగా ఉంది. అందరూ లోపలికి వచ్చాక, కుక్కను తెచ్చి మెట్ల రెయిలింగుకు తాడుతో కట్టింది మామ్మే.

"చూడండి మామ్మగారూ. ఓనరు లేని కుక్క కరిస్తే నేను పట్టుకుపోతాను. ఇక తిరిగి రాదు. ఓనరుంటే వాళ్ళ దగ్గరే ఉంటుంది. కానీ కేసు వాళ్ళ మీద పడుతుంది. మూతికి చిక్కం వేసి, కట్టేసి పెంచుకోవాలి. చెప్పండి, మీదేనా?"

"ఆలోచించుకో మామ్మా," అన్నాడు ఆమె గది యజమాని. "నా ఇంట్లో కుక్కలు కుదరవు. నీదంటే గది ఖాళీ చెయ్యాల్సిందే. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

మామ్మ కిటికీ వైపు తిరిగింది. కాదంటే అది వ్యానెక్కుతుంది. ఔనంటే ఈ వయసులో మూట నెత్తిన పెట్టుకుని తను వీధెక్కుతుంది. కిటికీలోంచి వ్యాను వెనక తలుపు కనిపిస్తోంది. తెరిచే ఉంది.

ఇంకొకరు వెళ్ళిపోతుంటే నిలబడి చూడటం ఇక తన వల్ల కాదు.

"నాదే బాబూ," అంటూ లేచింది. "నాదే. ఆ పిల్లకి జవాబు నేనే చెప్పుకుంటాను."

"చూశారా! మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదేగా!" కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలాడు.

అంతలో గుమ్మం దగ్గర గోల లేచింది. తాడు కొరికేసుకున్న కుక్క, బయటి చెప్పుల గుట్టలోంచి ఒకదాన్ని నోట కరుచుకుని లోపలికి దూసుకొచ్చింది. పక్కింటి కోడలు కెవ్వుమని కుర్చీ ఎక్కేసింది.

"మళ్ళీ ఎవరిదో లాక్కొచ్చింది, దొంగపీనుగ!" ఎవరో అరిచారు.

"రామ్మా, ఇటు రా," మామ్మ వంగి చెయ్యి చాపింది.

అది మామ్మ చేతిని దాటింది. ఇన్‌స్పెక్టరును దాటింది.

తిన్నగా వెళ్ళి, ఆ చెప్పును కార్యదర్శి కుడికాలి ముందు తొడుక్కోవడానికి వీలుగా పెట్టి, ఎడమకాలిది తేవడానికి తోకాడించుకుంటూ మళ్ళీ బయటికి పరుగెత్తింది.