గొంతు మారిన హీరో

సినిమా హాలు ముప్పావు వంతు ఖాళీగా ఉంది. అయినా ఆ మనిషి ఏరికోరి వచ్చి పెంటప్ప పక్క సీట్లోనే కూర్చున్నాడు.

సన్నగా, మెడకు దస్తీ చుట్టుకుని, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. పెంటప్ప వైపు చూసి నవ్వాడు.

పెంటప్ప నవ్వలేదు. అతను మనుషుల కోసం రాలేదు, ఒక గొంతు కోసం వచ్చాడు.

మరాఠీ గడ్డ మీద తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో తువ్వాళ్లు నేసే సాంచల మధ్యే అతని బతుకంతా గడిచింది. ఆ మోతకు చెవులు మొద్దుబారాయి. పక్క సాంచ మీద పనిచేసే నితిన్‌తో మాట్లాడాలన్నా పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడమే. కార్ఖానాలో అందరిదీ అదే పద్ధతి.

ఇంటికి పోతే చూడడానికి పెదవులు కూడా లేవు. భార్య పోయాక ఆ గదిలో పలకరించే దిక్కు లేదు.

అందుకే అన్నం తినేటప్పుడు ఫోన్ గోడకు ఆనించి, తనకిష్టమైన హీరో పాత సినిమాలు పెట్టుకునేవాడు. హీరోది పరాయి భాష. తెలుగులో ఆయనకు ఇంకెవరో మాట్లాడతారని పెంటప్పకు తెలుసు. ఎవరైతేనేం, ఆ బరువైన గొంతు మొద్దుబారిన చెవుల్లోకి కూడా నేరుగా దిగేది. తెర మీద హీరో తన తల్లిని "తిన్నావా?" అని అడిగితే, ఇక్కడ పెంటప్ప "తింటున్న" అనేవాడు.

కొత్త సినిమా కోసం ఏడాదిగా ఎదురుచూశాడు. అశోక్ చౌక్ నిండా బ్యానర్లు కట్టారు. యాక్షన్ థ్రిల్లరంటే ఇదేనని ఊదరగొట్టారు. ట్రైలర్లో అన్నీ పేలుళ్లే, హీరో నోరు విప్పలేదు.

తీరా చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టారు. హెలికాప్టర్ కూలింది, ఓడ మునిగింది, హీరో చొక్కా మాత్రం నలగలేదు. పోనీ, అదంతా భరించవచ్చు. హీరో నోరు తెరిస్తే ఎవరిదో కొత్త గొంతు వచ్చింది.

పెంటప్పకు ఇంట్లో మనిషి పోయినంత దిగులైంది. ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక పక్కవాడి దగ్గరే అక్కసు వెళ్లగక్కాడు.

"గీ గొంతు ఏంది భావూ? ముందటి గొంతు ఏమైంది? నా ఇంట్ల నాతోని మాట్లాడేది అదొక్కటే ఉండె."

ఆ మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెంటప్ప చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పెంటప్ప బెదిరిపోయాడు. ఒక మనిషి తన చెయ్యి పట్టుకుని ఏళ్లయింది. తాగి వచ్చాడేమోననుకుని, విడిపించుకుని, వెనక వరసలోకి పోయి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆ మనిషి తెర వైపు సరిగా చూసిందే లేదు. ఉండుండి వెనక్కి తిరిగి పెంటప్పనే వెతుక్కున్నాడు.

ఆట వదిలాక గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. పెంటప్పకు ఎదురొచ్చి పెదవులు కదిపాడు. ఏమీ వినపడలేదు. సాంచల నడుమైతే ఎంత దూరం నుంచైనా ఆ మాట పట్టేసేవాడు. ఇక్కడ మాత్రం, ఈ బెడద ఎక్కడ తగులుకుంటుందోనని తల వంచుకుని తప్పుకుపోయాడు. ఎంత విద్య ఉంటే ఏం లాభం, ఎదుటి ముఖం చూడాలి కదా.

వానలు మొదలయ్యాక నితిన్ మేనమామ పోయాడని తెలిసింది. కార్ఖానావాళ్లతో కలిసి పెంటప్ప కూడా భవాని పేట్‌కు పరామర్శకు వెళ్లాడు.

దండ వేసిన ఫోటోలో ఉన్నది ఆ దస్తీ మనిషే. పేరు సిద్ధరాములట.

ఈయనను ఒకసారి టాకీస్‌లో చూశానని పెంటప్ప మెల్లగా చెప్పాడు.

నితిన్ తల్లి మల్లమ్మ కళ్లు తుడుచుకుంది. జబ్బు చేసి ఆపరేషన్ అయ్యాక అన్నకు మాట పడిపోయిందని, పెళ్లీ పిల్లలూ లేకపోవడంతో హైదరాబాద్ నుంచి తన దగ్గరికే వచ్చాడని చెప్పింది. వచ్చిన నాటి నుంచీ గది దాటి ఎరగడట. ఆ సినిమాకు పోయిన నాడు మాత్రం పరుగున ఇంటికొచ్చి, చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదవులతోనే అంతా చెప్పాడట.

"'నాకొక దోస్తు దొరికిండే చెల్లె' అన్నడు. ఆ మనిషి మల్ల కనవడుతడేమోనని, పిక్చర్ ఎత్తేసేదాంక రోజూ పోయిండు."

పెంటప్ప ఫోటో వైపు చూస్తూ, ఆయన హైదరాబాద్‌లో ఏం పని చేసేవాడని అడిగాడు.

"పరాయి భాష పిక్చర్లకు తెలుగు మాటలు చెప్తుండె పెంటప్పన్నా," అంది మల్లమ్మ. "ఆ హీరో ఇన్నేండ్లు మాట్లాడింది మా అన్న గొంతుతోనే."